పద్నాలుగో పేజీ

దియోలిందా వరెజావ్ నవలలు తొమ్మిదీ
ఈ ఊళ్ళో ఏ కొట్లో అడిగినా ఇస్తారు.
నాకు కావలసింది
ఆమె ఇంకా దియోలిందా వరెజావ్ కాని రోజులు:
ఇరవై రెండేళ్ళ టైపిస్టు,
సార్డీన్ చేపల డబ్బాల కంపెనీలో గుమాస్తా,
ఆ కంపెనీ మాసపత్రికలో
'ది. వ.' అనే పొడి అక్షరాలు.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు పేపరాఫీసులో ప్రూఫులు దిద్దాను.
పింఛను మొదలైన సోమవారం నుంచి
సెతూబల్ లైబ్రరీలో కిటికీ పక్క బల్ల నాది.

ముందుగా దొరికినవి వ్యాసాలు.
రేకు మూత ఉబ్బితే ఏం చెయ్యాలి.
ఆలివ్ నూనెలో కల్తీ కనిపెట్టడం ఎలా.
చలికాలం వలలు బాగుచేసే ఆడవాళ్ళ వేళ్ళకి ఏ లేపనం మంచిది.
ఆ లేపనం వ్యాసంలో ఒక వాక్యం:
"ఉప్పుకి జాలి తెలీదు, లెక్క తెలుసు."
ఆరో నవలలో ఒక తల్లి నోట
నున్నగా దువ్వి జడేసుకుని వచ్చే మాట
ఇక్కడింకా పుట్టువెంట్రుకలతో ఉంది.
ఆ పూట అన్నం మాట మరిచిపోయాను.

కథ ఒక్కటే దొరకలేదు.
విషయసూచికలో ఉంది:
'గంట కొట్టకముందు', పేజీ పద్నాలుగు.
తిరగేస్తే పన్నెండు తర్వాత పదిహేను.
కుట్టు పక్కన బ్లేడుతో కోసిన అంచు,
చేప పొట్ట చీల్చినంత తిన్నగా.

సెన్సారు వాళ్ళ పని అనుకున్నాను.
ఆ కాలంలో నీలి పెన్సిలు పడని కాగితం ఏది?
కాని వాళ్ళు అచ్చుకి ముందే కోస్తారు,
అచ్చయ్యాక జేబులో బ్లేడుతో దొంగల్లా రారు.
లిస్బన్ వెళ్ళాను. పన్నెండు, పదిహేను.
పోర్తో వెళ్ళాను, దారంతా వాన.
పన్నెండు, పదిహేను.
అక్కడి లైబ్రేరియన్ పాత చిట్టా తెచ్చి చూపించింది.
నలభై ఏళ్ళలో ఆ సంపుటం అడిగినవాళ్ళు ఒక్కరే.
ఆ సంతకం నాకు కొత్త కాదు.
పుస్తకాల పండగలో వరసలో నిలబడి
నా కాపీ మీద పెట్టించుకున్నదే,
అదే పొడుగు తోక.

తన కథని తానే ఊరూరా తిరిగి దొంగిలించుకుంది.

అక్కడితో ఆగాల్సింది.
పంక్తిలో ఖాళీ కనిపిస్తే ప్రూఫురీడరుకి నిద్ర పట్టదు.

ఫెలిజ్బేలాకి ఎనభై ఎనిమిది.
రేవు వెనక సందులో, నాలుగో అంతస్తు.
ఆ ఫ్యాక్టరీ వాళ్ళలో మిగిలింది ఆమే అని
రొట్టెల కొట్టులో చెప్పారు.
పత్రిక పేరెత్తగానే మంచం కిందికి వంగి
ఒక రేకు డబ్బా తీసింది.
రబ్బరు బ్యాండు ఎప్పుడో కరిగి మూతకి అంటుకుపోయింది.
లోపల నాలుగు మడతల కాగితం.

"ఆవిడా వచ్చింది, కార్లో.
నీ పేరు మార్చకుండా రాశాను, తప్పయింది, ఇచ్చెయ్యి అంది.
ఇవ్వలేదు.
నా గురించి అచ్చులో పడింది ఇదొక్కటే కదా.
నాకు చదువు రాదు.
నువ్వు చదువు."

చదివాను.
ఫెలిజ్బేలా అనే పదహారేళ్ళ పిల్ల
గంట కొట్టకముందు కాస్త తూగింది.
రేకు కోసే యంత్రంలో రెండు వేళ్ళు.
ఆ వరస డబ్బాలు పారెయ్యకుండా
మూతలు బిగించండి అన్నాడు మేస్త్రీ.
వాక్యాలు ముతక. విశేషణాలు ఎక్కువ.
దిద్దాలనిపించింది. దిద్దలేదు.

ఆమె కళ్ళు మూసుకుని వింటోంది.
ఉన్నట్టుండి,
ప్రార్థన తప్పు చదివిన పాదిరీని ఆపినట్టు చెయ్యెత్తింది.
"కుడి చెయ్యి అని రాసిందా?
కాదు. ఎడమ."
నా మొహం ముందు మూడు వేళ్ళు.

ఫోటో తీసుకోనివ్వలేదు. నకలు రాసుకోనివ్వలేదు.
కాఫీ ఇచ్చింది, పంచదార లేకుండా.

ఇంటికొచ్చి కార్డు తీశాను.
'గంట కొట్టకముందు', కథ, పేజీ పద్నాలుగు.
'ఎక్కడ లభ్యం' అన్న గడి వదిలేశాను.
అడుగున, ఎర్ర సిరాతో, పాత అలవాటు:
పంక్తి ఇరవై ఆరు. కుడి కాదు, ఎడమ.